మా ఊపిరి కొలవండి! కొలిచిన కాగితం మా చేతికివ్వండి!

అన్నలారా! అక్కలారా! క్రషర్ల కింద, క్వారీ గుంతల్లో, జిన్నింగు మిల్లుల్లో, బీడీ చాటల ముందు, కట్టెల పొయ్యి పొగలో ఊపిరి పోగొట్టుకున్న సాటి మనుషులారా!

"ఎక్స్‌రే బాగానే ఉంది. వేలికి క్లిప్పు పెట్టి చూశాం, 97 వచ్చింది. నీకేం లేదు. పోయి పని చేసుకో."

ఈ మాట విననివాళ్లు మనలో ఎవరున్నారు?

ఏం లేకపోతే రాత్రి రెండింటికి లేచి మంచంపట్టె పట్టుకుని కూర్చునేది ఎవరు? కుళాయి దగ్గర్నుంచి గడప దాకా వచ్చేలోపు బిందె మూడుసార్లు దించేది ఎవరు? అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని, నమలాలా ఊపిరి పీల్చాలా అని ఆగిపోయేది ఎవరు? ఏం లేకపోతే మేస్త్రీ మనల్ని జట్టులోంచి ఎందుకు తీసేశాడు?

ఎందుకంటే మేస్త్రీ కొలిచాడు! నిరుడు రోజుకెన్ని తట్టలు మోశామో, ఈ ఏడు ఎన్ని మోస్తున్నామో వాడి నోటుపుస్తకంలో ఉంది. కొలవాల్సినవాళ్లు మాత్రం కొలవలేదు. కొలవకుండానే తీర్పు చెప్పేశారు.

మన గొడవంతా ఇదే. జబ్బు వచ్చిందన్నది మనకు తెలుసు. అది మన ఊపిరిలో ఎంత భాగం తినేసిందో లెక్క తేల్చమంటున్నాం. లెక్క తేలితేనే మందు సరిగ్గా పడుతుంది. లెక్క తేలితేనే పరిహారం. లెక్క తేలకపోతే మనం బద్ధకస్తులం, తాగుబోతులం, బీడీలు కాల్చి చెడిపోయినవాళ్లం!

ముందు మిమ్మల్ని మీరే అడగండి. ఎత్తు ఎక్కినప్పుడు, వేగంగా నడిచినప్పుడు రొప్పు వస్తోందా? మీ ఈడువాళ్లతో సమంగా నడవలేక వెనకబడుతున్నారా? చదునైన దారిలోనే నూరు మీటర్లు నడిచి ఆగుతున్నారా? చీర కట్టుకోవడానికి, చొక్కా తొడుక్కోవడానికి కూడా ఆయాసం వస్తోందా? ఇవి ఊసుపోక అడిగే ప్రశ్నలు కావు. ప్రపంచమంతా డాక్టర్లు వాడే ఆయాసం కొలబద్ద ఇది. బ్రిటన్‌లో వేల్స్ బొగ్గు గనుల దుమ్ము జబ్బుల మీద పనిచేసిన డాక్టర్ల చేతుల్లో తయారైంది. కూలివాడి రొప్పును చూసి పుట్టిన కొలబద్ద! అది మన ఓపీ చీటీ మీద ఎందుకు ఎక్కదు?

ఇక ఆ ఎక్స్‌రే సంగతి. ఎక్స్‌రే అంటే ఫొటో. ఫొటోలో మచ్చ కనిపిస్తుంది, దమ్ము కనిపించదు. ఫిల్ము నిండా మచ్చలున్నా ఇంకా పని చేసుకుంటున్నవాళ్లున్నారు. ఫిల్ము మామూలుగా ఉన్నా నాలుగు మెట్లెక్కలేనివాళ్లున్నారు. ఎక్స్‌రే తీయాల్సిందే, వద్దనడం లేదు. తీసి అక్కడితో ఆపేయడమే మోసం! పైగా మచ్చ కనబడగానే టీబీ అని మందులు మొదలుపెడతారు. ఒక కోర్సు అయిపోతుంది, తగ్గదు. ఇంకో కోర్సు. "ఏం పని చేస్తావు?" అని ఒక్కరూ అడగరు! రాతి దుమ్ము పట్టిన ఛాతీకి టీబీ తేలిగ్గా అంటుకుంటుంది, నిజమే. అయితే టీబీ తగ్గినా దుమ్ము జబ్బు తగ్గదు. టీబీ నయమైపోయాక కూడా ఊపిరి సగానికి పడిపోయినవాళ్లు మన వాడల్లో ఎంతమంది! వాళ్లను "మందులు పూర్తయ్యాయి" అని రిజిస్టర్లోంచి కొట్టేశారు. వాళ్ల ఊపిరి ఎవరు చూశారు?

వేలి క్లిప్పు ఇంకో మాయ. అది రక్తంలో ఆక్సిజన్ చూపిస్తుంది. కుర్చీలో కూర్చోబెట్టి చూస్తే సగం ఊపిరి పోయినవాడికి కూడా 96, 97 చూపించొచ్చు! మనం కుర్చీలో కూర్చుని బతుకుతున్నామా? నడిపించి చూడండి! దానికీ పద్ధతుంది. 30 మీటర్ల వరండాలో ఆరు నిమిషాలు అటూ ఇటూ నడిపిస్తారు. ఎన్ని మీటర్లు నడిచాడు, నడుస్తుంటే ఆక్సిజన్ ఎంతకు పడింది, ఎక్కడ ఆగాడు, అన్నీ రాస్తారు. ఆరు నిమిషాలు, ఒక వరండా, ఒక గడియారం, ఒక క్లిప్పు. దీనికి కూడా బడ్జెట్ లేదంటారా?

అసలు పరీక్ష గొట్టం ఊదే పరీక్ష. స్పైరోమెట్రీ అంటారు. జాన్ హచిన్సన్ అనే డాక్టరు ఈ మిషనుతో 2,000 మందికి పైగా ఊదించి, ఆ లెక్కలు లండన్‌లో అచ్చువేసింది 1846లో. మన దగ్గర సిపాయిల తిరుగుబాటు కంటే 11 ఏళ్ల ముందు! ఇప్పటికీ మన మండలం ఆసుపత్రికి ఆ మిషను రాలేదు. క్రషర్ దగ్గర ఆగి ఉండే ఒక్క టిప్పర్ ఖరీదుకి అలాంటి మిషన్లు డజన్ల కొద్దీ వస్తాయి.

ఈ పరీక్ష ఎలా చేస్తారో తెలుసుకోండి, ఎవరూ మిమ్మల్ని మాయ చేయకుండా. ముక్కుకి క్లిప్పు పెడతారు. నోట్లో గొట్టం, పెదాలు బిగించాలి. ఛాతీ నిండా పీల్చి, ఒక్కసారిగా బలంకొద్దీ ఊదాలి. ఊది ఆపకూడదు! లోపల ఇంకేమీ లేదనిపించేదాకా ఊదుతూనే ఉండాలి. పెద్దవాళ్లకు ఇది ఆరు సెకన్లు, అంతకంటే ఎక్కువే పడుతుంది. చేయించే మనిషి పక్కన నిలబడి "ఊదు, ఊదు, ఇంకా, ఇంకా" అని అరవాలి. గొంతు చించుకుని అరవనివాడు సరిగ్గా చేయించనట్టే! కనీసం మూడుసార్లు సరిగ్గా రావాలి, మంచివి రెండూ ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. తర్వాత పీల్చే మందిచ్చి, పావుగంట ఆగి, మళ్లీ ఊదించాలి. ఒక్కసారి ఊదించి చీటీ చింపి ఇస్తే ఒప్పుకోవద్దు. "సార్, ఇంకోసారి ఊదుతా" అనండి. అది మీ హక్కు.

ఆ చీటీలో చూడాల్సినవి రెండు. మొదటి సెకనులో ఎంత గాలి ఊదారు, మొత్తం ఎంత ఊదారు. మందు పీల్చాక కూడా మొదటి సెకను గాలి మొత్తంలో 70 శాతానికి తగ్గితే గాలి గొట్టాలు ఇరుకైపోయినట్టు. సీఓపీడీ అనేది దీన్నే. 2016 అంచనా ప్రకారం ఈ దేశంలో ఆ జబ్బున్నవాళ్లు దాదాపు 5.5 కోట్ల మంది! అందరూ బీడీలు తాగినవాళ్లేనా? పుట్టింట్లో, అత్తింట్లో జీవితమంతా పొగగొట్టం లేని వంటింట్లో ఊదిన మా అక్కలు ఏ బీడీ తాగారు? నిజామాబాద్, జగిత్యాల ఇళ్లల్లో బీడీలు చుట్టి చుట్టి పొగాకు దుమ్ము మింగినవాళ్లు వెలిగించింది ఒక్కటైనా ఉందా?

రాతి దుమ్ముది వేరే కథ. బాగా వినండి, ఇక్కడే మనల్ని ముంచుతున్నారు. కరీంనగర్ గ్రానైటు కానివ్వండి, మార్కాపురం పలక కానివ్వండి, సైదాపురం పలుగురాయి కానివ్వండి, రాయి కోసినా, పిండి కొట్టినా కంటికి కనబడని ధూళి లేస్తుంది. కంటికి కనబడే దుమ్ము ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. కనబడనిదే లోపలికి దిగి చంపుతుంది! అది దిగిన ఊపిరితిత్తి గట్టిపడుతుంది, సాగదు. అప్పుడు మొదటి సెకను గాలీ తగ్గుతుంది, మొత్తం గాలీ తగ్గుతుంది. రెండూ కలిసి తగ్గితే ఏమవుతుంది? నిష్పత్తి మామూలుగానే కనిపిస్తుంది! ఆ ఒక్క అంకె చూసి "నార్మల్" అని గీకేస్తే మనిషి మునిగిపోయినట్టే. అందుకే మొత్తం గాలి ఎంత తగ్గిందో చూడాలి. గాలిలోని ఆక్సిజన్ రక్తంలోకి ఎంత దిగుతోందో చూడాలి. దానికి డీఎల్‌సీఓ అనే పరీక్ష ఉంది. ఒక గాలి పీల్పించి పది సెకన్లు బిగబట్టమంటారు, వదిలాక లెక్క చూస్తారు. గొట్టం పరీక్ష బాగా వచ్చినా ఇది పడిపోయి ఉండొచ్చు. ఆ మిషను పెద్ద నగరాల్లో పెద్ద ఆసుపత్రుల్లో తప్ప దొరకదు. దొరకదని మన జబ్బు లేకుండా పోతుందా?

ఈ కష్టం మనకొక్కరికే కాదు. 1960ల్లో అమెరికాలో, వెస్ట్ వర్జీనియా బొగ్గు గనుల్లో కూలీలకు కూడా ఇదే మాట చెప్పారు. ఎక్స్‌రే బాగుంది, పోయి దిగు! బెక్లీ అనే ఊళ్లో డోనాల్డ్ రాస్ముస్సెన్ అనే డాక్టరు ఆ మాట నమ్మలేదు. వాళ్లను ట్రెడ్‌మిల్ మీద నడిపించాడు. నడుస్తుండగానే రక్తం తీసి ఆక్సిజన్ కొలిచాడు. ఎక్స్‌రేలో పెద్దగా ఏమీ లేనివాళ్లకు కూడా ఆక్సిజన్ పడిపోతోందని అంకెలతో చూపించాడు. ఆ అంకెలు పట్టుకుని కూలీలు కదిలారు. 1969 ఫిబ్రవరిలో గనులు ఆగాయి. దాదాపు 40,000 మంది దిగలేదు! మార్చిలో ఆ రాష్ట్రం పరిహారం చట్టం చేసింది. ఆ డిసెంబరులోనే దేశం మొత్తానికి చట్టం వచ్చింది. డాక్టరు కొలిచాడు, కూలీలు నిలబడ్డారు. రెండూ కలిస్తేనే పని జరిగింది.

ఇప్పుడు ఇంకో తిరకాసు. మీ చీటీలో లీటర్ల పక్కన ఒక శాతం ఉంటుంది. దేనిలో శాతం? మీ ఎత్తు, వయసు, ఆడా మగా చూసి "ఇంత ఊదాలి" అని మిషను ఒక లెక్క వేస్తుంది. మీరు ఊదింది దానిలో ఎంతో అదే ఆ శాతం. 80కి తగ్గితే చాలాచోట్ల లోపం కింద రాస్తారు. ఆ "ఇంత" ఎవరిని చూసి పెట్టిందో అడిగారా? చాలా మిషన్లలో తెల్లవాళ్ల లెక్క ఉంటుంది. ఒక ల్యాబులో దాన్ని అలాగే ఉంచుతారు. ఇంకో ల్యాబులో "మనవాళ్లకు ఇంతే" అని పది శాతం కోసేస్తారు. ఒక అన్న 2.8 లీటర్లు ఊదాడనుకోండి. తెల్లవాళ్ల లెక్కలో ఊదాల్సింది 3.6. అంటే 78 శాతం, లోపం ఉంది. పది శాతం కోస్తే ఊదాల్సింది 3.24. అప్పుడు 86 శాతం, మనిషి భేష్! అదే అన్న, అదే ఛాతీ, అదే ఊపిరి! ల్యాబు మారితే రోగం పోయిందా?

మనదేశపు మనుషుల్ని కొలిచి తయారుచేసిన లెక్కలు ఉన్నాయి, ఉత్తరాదికీ దక్షిణాదికీ కూడా. అవి వాడితే వాడండి, కాదనం. ఏ లెక్క వాడారో చీటీ మీద రాయండి! ఈ కోత ఎంత దూరం పోగలదో తెలుసా? 1999లో అమెరికా బాల్టిమోర్‌లో ఆస్బెస్టాస్ దుమ్ముకు బలైన కార్మికులు కోర్టుకెక్కితే, నల్లవాళ్ల ఊపిరి పుట్టుకతోనే తక్కువ, కాబట్టి వాళ్లకు ఇంకా ఎక్కువ పాడైతేనే కేసు నడవాలని కంపెనీ వాదించింది. చివరికి 2023లో అక్కడి ఛాతీ డాక్టర్ల సంఘమే జాతిని చూసి లెక్క మార్చడం ఆపండని చెప్పింది. నిజానికి చిన్నప్పుడు తిండి లేక, పొగలో పెరిగి ఛాతీ చిన్నదైతే, దాన్ని "మీ జాతికి ఇంతే" అని కొట్టేయడం కంటే అన్యాయం ఏముంది?

శాతానికి ఇంత గొడవెందుకంటారా? శాతమంటే డబ్బు! సిలికోసిస్, ఆస్బెస్టోసిస్, పత్తి దుమ్ముతో వచ్చే బిసినోసిస్, ఇవన్నీ పనివల్ల వచ్చే జబ్బులని చట్టంలోనే జాబితా ఉంది. 1923 నాటి పరిహార చట్టంలో ఉన్న ఆ జాబితా కొత్త సామాజిక భద్రత కోడ్‌లోకి కూడా వచ్చింది. మనిషి పూర్తిగా పనికిరాకుండా పోతే నెల జీతంలో 60 శాతాన్ని వయసును బట్టి ఒక అంకెతో హెచ్చిస్తారు. 40 ఏళ్లవాడికి ఆ అంకె 184.17. కేంద్రం 2020లో పెట్టిన 15,000 జీతం పరిమితితో కడితే 16.5 లక్షలు దాటుతుంది. అదే డాక్టరు "సంపాదించే శక్తి 30 శాతమే పోయింది" అని రాస్తే 5 లక్షలు కూడా రాదు. ఏమీ పోలేదని రాస్తే సున్న! ఒక కలం గీతకు ఒక కుటుంబం. ఆ గీత గీసేముందు ఆరు నిమిషాలు నడిపించమనడం తప్పా?

ఇంకో దెబ్బ చూడండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. చూపు ఉంది, వినికిడి ఉంది, కాలూచేయీ ఉంది, తలసీమియా ఉంది, పార్కిన్సన్స్ ఉంది. ఉండాల్సిందే, అందరూ మనవాళ్లే. ఊపిరి లేదు! వైకల్యం సర్టిఫికెట్టిచ్చే సదరం శిబిరంలో రోజంతా లైన్లో నిలబడి లోపలికెళితే "మీ జబ్బుకు ఇందులో గడి లేదు" అంటారు. నడవలేని మనిషికి కాళ్లు బాగున్నాయి కాబట్టి వికలాంగుడు కాడట! కాళ్లు ఎవరి ఊపిరితో నడుస్తాయి?

ఇవ్వాలనుకుంటే దారి లేదా? రాజస్థాన్‌లో 2019లో దుమ్ము జబ్బులకు ప్రత్యేక విధానం తెచ్చారు. జబ్బు ఉందని డాక్టర్ల బోర్డు తేల్చితే 3 లక్షలు, మనిషి పోతే ఇంటివాళ్లకు మరో 2 లక్షలు, నెలనెలా పింఛను. అక్కడ రాయి, ఇక్కడ రాయి ఒకటి కాదా? మధ్యప్రదేశ్ ఆదివాసీలు గుజరాత్‌లోని గోధ్రా పలుగురాయి మిల్లులకు కూలికెళ్లి, ఊపిరి పోగొట్టుకుని తిరిగొచ్చి చనిపోయారు. 2016 మేలో సుప్రీంకోర్టు 238 మంది కుటుంబాలకు తలా 3 లక్షలు ఇవ్వమని గుజరాత్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. అప్పటికి వాళ్లలో ఒక్కరూ బతికి లేరు. మనతోపాటు క్రషర్ కింద పనిచేసే ఒడిశా తమ్ముళ్ల గతి ఏమిటి? దగ్గు ఎక్కువైతే రైలెక్కి ఊరికి పోతారు. ఇక్కడి రిజిస్టర్లో వాళ్ల పేరు లేదు, అక్కడి డాక్టరుకు ఇక్కడి దుమ్ము సంగతి తెలియదు. ఈ పోరాటంలో వాళ్లూ మనవాళ్లే. వాళ్లను కలుపుకోకుండా ఒక్క అడుగు కూడా వేయొద్దు!

కొత్త కార్మిక కోడ్‌లలో 40 ఏళ్లు దాటిన కార్మికుడికి ఏడాదికోసారి ఉచిత వైద్య పరీక్ష అన్నారు. బీపీ చూసి, షుగర్ చూసి, ఫొటో దిగి పంపిస్తే అది మన పరీక్షా? అందులో గొట్టం ఊదించాలి, నడిపించాలి. దుమ్ములో పనిచేసేవాడికి 40 దాకా ఆగడమేంటి? పనిలో చేరిన రోజే ఊదించాలి! మొదటి రోజు ఎంత ఊదాడో రాసి ఉంటే, తర్వాత ఎంత పోయిందో ఏ యజమానీ ఏ లెక్కా మార్చి దాచలేడు. అప్పుడు మనకు తెల్లవాళ్ల లెక్కా వద్దు, ఎవరి లెక్కా వద్దు. మన ఊపిరికి మన పాత ఊపిరే సాక్ష్యం.

ఇక మనం చేయాల్సింది. ఏ ఆసుపత్రికెళ్లినా చీటీ మీద మీ పని రాయించండి. "కూలి" అని కాదు! "క్రషర్‌లో పన్నెండేళ్లు", "పలక మిల్లులో ఇరవై ఏళ్లు" అని రాయించండి. జబ్బు పనివల్ల వచ్చిందని అనుమానం ఉంటే డాక్టరు ఫ్యాక్టరీల అధికారికి రాసి పంపాలని 1948 ఫ్యాక్టరీల చట్టం నుంచీ ఉంది. గుర్తుచేయండి, మొహమాటపడొద్దు. ఎక్స్‌రే ఫిల్మూ, ఊదిన చీటీ నకలూ తీసుకోకుండా గుమ్మం దాటొద్దు. పని చేశామనడానికి ఏం దొరికినా దాచండి. హాజరు చీటీ, గేటు పాసు, మిషను పక్కన తోటివాళ్లతో దిగిన ఫొటో, మేస్త్రీ ఫోన్‌పేలో వేసిన కూలి మెసేజీ, అన్నీ పనికొస్తాయి.

పరీక్షకు వెళ్లే రోజు కడుపు నిండా తిని పోకండి. బిగుతు బట్టలు వద్దు. గంట ముందు నుంచీ బీడీ ముట్టొద్దు. పీల్చే మందు పంపు వాడేవాళ్లు ఎన్ని గంటల ముందు ఆపాలో డాక్టరును అడిగి ఆపండి, ఆయాసం ఎక్కువైతే మాత్రం ఆపకండి. ఈమధ్య గుండెపోటు వచ్చినవాళ్లు, కంటి ఆపరేషన్ అయినవాళ్లు, కళ్లెలో రక్తం పడుతున్నవాళ్లు ముందే చెప్పండి, అప్పుడు ఊదకూడదు. గోరింటాకు, గోళ్ల రంగు ఉంటే క్లిప్పు తప్పు చూపించొచ్చు. ఒక వేలికైనా లేకుండా చూసుకోండి.

మనం అడిగేది ఇది. ప్రతి మండలంలో గొట్టం ఊదే మిషను, ఊదించడం నేర్చిన మనిషి. ప్రతి జిల్లా ఆసుపత్రిలో నడక పరీక్ష, డీఎల్‌సీఓ. నెలకోసారి దుమ్ము జబ్బుల బోర్డు, క్రషర్లున్న చోటికే వచ్చి కూర్చోవాలి. సదరంలో ఊపిరికి గడి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రాజస్థాన్ లాంటి విధానం, దానికంటే మెరుగ్గా. దుమ్ము లేవకుండా నీళ్లు కొట్టే ఏర్పాటు చేయని క్రషర్‌కు తాళం!

ఈ సోమవారం గ్రీవెన్సు రోజు. పొద్దున పదింటికి కలెక్టరాఫీసు గేటు దగ్గరికి రండి. మీ ఎక్స్‌రేలు, చీటీలు, మందుల సీసాలు, పంపులు అన్నీ సంచిలో వేసుకుని రండి. నడవలేనివాళ్లను ఆటోలో ఎక్కించి తీసుకురండి, చార్జీలు అందరం పంచుకుందాం. పోయినవాళ్ల ఇంటివాళ్లు వాళ్ల ఫొటో పట్టుకు రండి. కలెక్టరు గారి వరండా 30 మీటర్లు తప్పకుండా ఉంటుంది. ఆరు నిమిషాలు అక్కడే నడుస్తాం, ఆయన ముందే లెక్క రాయమందాం!

ఇట్లు,
మీతోపాటు రొప్పుతున్న సాటి కూలీలు